పురిటి గది గడప

“మీరు రేపు కోర్టుకు రావద్దు వదినా. పొద్దుట్నుంచీ ఇదే చెబుతున్నాను,” అన్నాడు చమన్ అలీ.

“నేనూ పొద్దుట్నుంచీ వస్తాననే చెబుతున్నాను,” అంది మాహ్‌గుల్, బొలానీ రొట్టె అంచులు వేళ్ళతో నొక్కుతూ. “ఆ ఆలుగడ్డ కూర గిన్నె ఇటు జరుపు.”

గోడవారగా కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్న అత్తగారు నేక్‌బఖ్త్ కొడుకు పక్షమే చేరింది. “వాడు చెప్పేది నీ మంచికేనమ్మా. ఇక్కడి డాండినాంగ్ మసీదువాళ్ళు సగం మంది వచ్చి కూర్చుంటారు. మనవాళ్ళ నోళ్ళు నీకు తెలియనివా?”

గజ్నీలో ఆయుధాలతో వచ్చినవాళ్ళు మాహ్‌గుల్ భర్తను ఈడ్చుకుపోయిననాడు ఆమె పచ్చి బాలింత. మరిదిని తన పరుపుల వెనక్కి తోసి, పసిగుడ్డును ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పురిటి గది గడప వాళ్ళు దాటలేదు.

చమన్ అలీ ఆస్ట్రేలియా చేరి ఆశ్రయం కోరాక, మొదటి విచారణలో నిన్నెవరు దాచారని అడిగితే, పక్కింటి ముసలాయన దాచాడని అబద్ధం చెప్పాడు. ఎదురుగా కూర్చున్న దుబాసీ వాళ్ళ జిల్లావాడే. పరాయి మగవాడి ముందు వదిన పేరెత్తి, ఆమె గదిలో దాక్కున్నానని ఎలా చెబుతాడు? తర్వాత అప్పీలు వినే ట్రిబ్యునల్‌లో, మూసిన తలుపుల వెనక, ఉన్నదంతా చెప్పాడు. ముందు ఎందుకు దాచాడో కూడా చెప్పాడు. మాట మార్చాడు కాబట్టి నమ్మలేమని రాశారు. మార్చడానికి అతను చెప్పిన కారణం ఊసే ఎత్తలేదు. పట్టుకోవాల్సింది అదేనంది లాయరు. ఆ భాగం రేపు కోర్టులో చదువుతానంది. ఆ కోర్టులోకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని తెలిసి, చదవద్దన్నాడు చమన్ అలీ. అయినా ఆ మాట ఎక్కడ బయటికి వస్తుందోనని అతని భయం.

“జడ్జిగారు నిన్ను నమ్ముతారా బాబాయ్?” అంది సొగ్రా. ఆనాటి పసిగుడ్డు ఇప్పుడు పదో తరగతి.

“నమ్మడం ఆవిడ పని కాదట. ట్రిబ్యునల్ నా మాట పట్టించుకుందా లేదా అన్నదే చూస్తుందట. లేదని తేలితే మళ్ళీ ట్రిబ్యునల్‌కే పంపుతుంది.”

“అంటే నీ ఆట చూడరు, అంపైర్‌ని చూస్తారు.”

“నువ్వు పిండి చూడు ముందు, ఎండిపోతోంది,” అన్నాడు గానీ, పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది.

మాహ్‌గుల్ పెనం మీద బొలానీ తిరగేసింది. “ఆ భాగం చదవకపోతే?”

“ఓడిపోతామంది లాయరు.”

“ఓడితే?”

“తిరిగి గజ్నీకే పంపేస్తారు,” అన్నాడు చమన్ అలీ. నేక్‌బఖ్త్ చేతిలో పూసలు ఆగిపోయాయి.

ఆనాడు పరుపుల వెనక అతను నోరు మెదపలేదు. గుమ్మం అవతల అన్న కేక వినబడితే పరుపు గుడ్డ పళ్ళతో కరిచిపట్టుకున్నాడు. మాహ్‌గుల్ వీపుకు అతని వణుకు తెలిసింది. తర్వాత ఆమెకూ కూతురికీ ఇక్కడ వీసా వచ్చింది. కన్నతల్లిలా చూసుకున్న అత్తగారికీ వచ్చింది. అతనికి మాత్రం రాలేదు.

నేల మీద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిచాక నలుగురూ చుట్టూ కూర్చున్నారు. మాహ్‌గుల్ మొదటి బొలానీ తుంచి మరిది పళ్ళెంలో పెట్టింది.

“అందరూ వినండి,” అంది నెమ్మదిగా. “ఆ గదిలో నేనేం చేశానో నాకు తెలుసు, దేవుడికి తెలుసు. అందులో నేను తలదించుకోవాల్సింది ఏమీ లేదు. చమన్, తిన్నాక లాయరుకు ఫోన్ చెయ్యి. ఆ భాగం చదవమను, నా పేరుతో సహా. నేను ముందు వరసలోనే కూర్చుంటాను.”