చదువుకున్న ఎలక

వెంకటసుబ్బయ్య టార్చి నోట కరుచుకుని టీవీ వెనక్కి వంగాడు. రౌటర్‌లోంచి ఇంటర్నెట్ వైరు ఊడి ఉంది. కొసనున్న ప్లాస్టిక్ నాలిక నొక్కి పట్టుకుంటే తప్ప అది ఊడదు.

"ఎలకేనంటారా?" వెనకనుంచి సునంద అడిగింది.

ఆయన టార్చి చేతిలోకి తీసుకున్నాడు. "ఎలకేనండి. చదువుకున్న ఎలక."

ఢిల్లీ ఆర్.కె. పురంలోని ఆ గవర్నమెంటు క్వార్టర్‌లో ఎలక తరచూ ఈ పని చేసేది. సునంద భర్త ఆఫీసుకి అంకితం. కూతురు దీపు తెలుగు విని హిందీలో జవాబిస్తుంది. ఫరీదాబాద్ గదిలో ఒంటరిగా ఉండే సుబ్బయ్యతో మాట్లాడేది కుక్కరొక్కటే. టెలిఫోన్ తీగలు లాగడానికి ఢిల్లీ వచ్చి, కేబుల్ టీవీ తీగలు లాగి, ఇంటర్నెట్ తీగల దగ్గర జుట్టు నెరిసిన మనిషి. రోజంతా "హాఁజీ, ఠీక్ హై" అంటూ తిరిగే నోటికి "ఏటి" అనే మాట దొరికేది ఈ ఇంట్లోనే. వైరు పెట్టడం క్షణం పని. తమవైపు బొబ్బిలి వానల సంగతి తేలాలంటే మాత్రం కాఫీ రెండోసారి కాచవలసిందే.

ఇవాళ ఆయన వైరు తిరిగి పెట్టలేదు. గోడ వెంబడి ఊడలాగి చుట్ట చుట్టసాగాడు.

"ఏటండీ, తీసేస్తున్నారు?"

"కంపెనీ ఆర్డరండి. కిటికీలో ఈ డబ్బా పెడితే సెల్లు సిగ్నల్లాగ గాల్లోంచే వస్తాది. మీ ఫోన్లో రెండు పేర్లు కనపడతాయి. కొసన ఫైవ్‌జీ అని ఉన్నది ఫోను ఫైవ్‌జీ కాదు, ఐదు గిగాహెర్ట్జ్. జోరెక్కువ, గోడ అడ్డొస్తే నీరసం. రెండోది రెండు పాయింట్ నాలుగు. నెమ్మదే గానీ గోడలు దాటుతాది."

"అయితే మావారు ఐదన్నమాట. ఆఫీసులో జోరు, ఇంట్లో నీరసం."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందుగా ఆమె ముఖంలోంచి పోయింది.

"అయితే ఇక పీకడానికేటీ ఉండదా?"

అనేశాక నాలిక కరుచుకుంది. సుబ్బయ్య వైరు చుట్టకి ముడేశాడు.

"కరెంటు ప్లగ్గుందండి. అది ఊడితే పాపకి కూడా తెలిసిపోతాది. పెద్ద రిపేరైతే వేరే కుర్రాళ్లొస్తారు. తీగల పని లేదని నన్ను రేపట్నించి గోడౌన్లో కూచోమన్నారు."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజు కాఫీ ఒక్కసారే కాచింది. వానల మాట రాలేదు. గ్లాసు కింద పెట్టి, "వస్తానమ్మా" అన్నాడు, ఇక కంపెనీ పంపదని తెలిసినా.

మెట్లు దిగుతుంటే భుజాన సంచి తేలిగ్గా తోచింది. అందులో ఏం లేదో ఆయనకు తెలుసు. వెనక్కి తిరగలేదు.

పైన, టీవీ పక్కన, వైరు కొసలు బిగించే ఆయన ఎర్రపిడి క్రింపర్ నోరు తెరుచుకుని ఉంది.