వెలుతురు అంచు

"ఈ లైట్లు దారి మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోతే ఏంటి గతి, మేస్త్రీ?"

షట్టరు ఇంకా సగమే లేచింది. మేస్త్రీ దాన్ని భుజంతో పైకి తోస్తూ వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరి లైట్లమ్మా? ఇంకా ఒక్క బండీ రాలేదు కదా!"

"మావాడివి. పదకొండింటికి తెస్తానన్నాడు. ఈలోపు ఏమైనా అయితే?"

"పదకొండింటికి నెత్తి మాడే ఎండ. అప్పుడు లైట్లు ఆరితే ఏంటి, వెలిగితే ఏంటి?"

ఆ కార్ల షెడ్డులో అందరూ లైట్లమ్మ అని పిలిచే ఆమె వంగి లోపలికి వచ్చింది. భోజనం డబ్బాని మేకుకి తగిలించి, చీర మీద పాత ఖాకీ చొక్కా వేసుకుని, మూలనున్న తన బల్ల దగ్గరికి వెళ్ళింది. బల్ల మీద ఉన్నవన్నీ నిన్న పెట్టినచోటే ఉన్నాయో లేదో చూసుకుంది. మీటరు ఉంది. వైరు కత్తెర ఉంది. కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతూనే ఉంది. అయినా ఒకసారి తడుముకుంది.

ఆ బల్ల ఆమె భర్తది. ఆయన కార్లకి వైరింగు చేస్తుంటే పక్కన నిలబడి దీపం పట్టుకునేది. ఆయన పోయిన నెలకి మేస్త్రీ ఇంటికొచ్చి, "ఆ మూల ఖాళీగా చూడలేకపోతున్నానమ్మా, నువ్వొచ్చి కూర్చో" అన్నాడు. ఏడో తరగతి చదివినదాన్ని, నాకేం వచ్చని అడిగింది. పందొమ్మిదేళ్ళయింది అడిగి. ఇప్పుడు ఆమె వేళ్ళ గీతల్లో నలుపు సబ్బుకి పోదు. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి, ఎప్పుడూ అలాగే పెరుగుతుంది. హారన్ మోగకపోయినా, వైపరు కదలకపోయినా ఆమె దగ్గరికే వస్తారు. పేరు మాత్రం లైట్లమ్మే.

భయం కూడా ఆమెకి చేతిలో పనిలాంటిదే. ఒక్క క్షణం ఖాళీగా ఉండనివ్వదు. టైరు పేలుతుందేమో. ఎదురుగా వచ్చే లారీవాడు నిద్రపోతాడేమో. బ్రేకు పట్టదేమో. మేస్త్రీ ఏడిపిస్తూనే ఉంటాడు: "టీ తాగేముందు కూడా ఇది గొంతుకి అడ్డం పడుతుందేమోనని చూస్తావు కదమ్మా నువ్వు!"

"పడి చచ్చినవాళ్ళు లేరా?" అంటుందామె, ఊదుకుంటూ.

పదకొండున్నరకి కొడుకు వచ్చాడు. ఆ అరగంటలో ఆమె ఆరుసార్లు వీధిలోకి తొంగిచూసింది. పద్దెనిమిదేళ్ళ పాత కారు. పైన రంగు పొక్కులు లేచి, ఎడమవైపు ముందు రేకు లోపలికి నొక్కుకుపోయి ఉంది. కిందటి నెల సందు మొదట్లో రాతి స్తంభానికి తగిలించాడు. లైటు సరిగ్గా పడక కనిపించలేదన్నాడు. ఆ పూటంతా ఆమె ఆ లైటుని నోటికొచ్చినట్టు తిట్టింది.

"మళ్ళీ మసకగానే ఉన్నాయమ్మా" అన్నాడు దిగుతూ.

"నిన్న కూడా అలాగే వెళ్ళావా? ఆ ఐదుగురు ఆడపిల్లల్నీ వేసుకుని?"

"వెళ్ళకపోతే వాళ్ళు షిఫ్టుకి ఎలా వెళ్తారు?"

తెల్లవారకముందే ఐదుగుర్ని ఎక్కించుకుని ప్యాకింగు ఫ్యాక్టరీ దగ్గర దింపుతాడు. పొద్దుపోయాక మళ్ళీ ఇళ్ళకి చేరుస్తాడు. పందొమ్మిదో ఏట స్టీరింగు పట్టినవాడు. ఇప్పుడు ముప్పై ఒకటి. వేరే పని రాదు, వేరే పని కావాలనీ ఎప్పుడూ అనుకోలేదు. కారు తాళం జేబులో ఉంటే చాలు, వాడి నడకే వేరుగా ఉండేది.

ఈ రెండేళ్ళలో ఆ కారుకి ఆమె నాలుగుసార్లు బల్బులు మార్చింది. మూడోసారి మరీ ఎక్కువ పవరువి వేసింది. తల్లి ప్రాణం కదా, ఎంత వెలుగైతే అంత మంచిదనుకుంది. ఆ వేడికి హోల్డరు కరిగి, కాలిన వాసన వచ్చింది. కారు తగలబడిపోయినట్టు వారం రోజులు కలలొచ్చాయి. ఇంకెవరి బండికైనా ఆమె అలా చేసేది కాదు. మసకగా ఉందనగానే బల్బు మార్చేవాళ్ళని చూస్తే ఆమెకి ఒళ్ళు మంట. సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి తనే ఆ పని చేసింది.

"ఇవాళ దీని సంగతి తేలుస్తా. సాయంత్రందాకా కదలకు" అంది.

బానెట్ ఎత్తి మొదలుపెట్టింది. లైటు అద్దాలు పసుపు పట్టి, ముసలి గోళ్ళలా ఉన్నాయి. గరుకు కాగితం నీళ్ళలో తడిపి ఒకే వైపుగా రుద్దింది. పాలలాంటి నీళ్ళు బంపరు మీదుగా కారాయి. ఇంకా మెత్తటి కాగితం, ఆ తర్వాత ఇంకా మెత్తటిది. చివరికి పాలిష్ పెట్టి, పాత చీరముక్కతో మోచెయ్యి నొప్పెట్టేదాకా తుడిచింది. అద్దం వెనక బల్బు తీగ కూడా కనిపించేంత తేటగా వచ్చింది.

అక్కడితో ఆగలేదు. బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి చూసింది. పన్నెండున్నర వోల్టులు. లైటు వేసి, బల్బు వెనక పెట్టి చూసింది. పదికి కాస్త పైన. రెండు వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. వైరు పట్టుకుని వేళ్ళతో వెనక్కి వెనక్కి వెళ్ళింది. ఎడమ లైటు కింద, ఎర్తు వైరు బాడీకి బిగించేచోట బోల్టు ఆకుపచ్చగా చిలుం పట్టి కనిపించింది.

"దొరికాడు దొంగ!" అని అరిచింది. "మేస్త్రీ, ఇటు రండి, చూడండి వీడి మొహం!"

మేస్త్రీ వచ్చి వంగి చూశాడు. "రెండేళ్ళు నీ కళ్ళు కప్పాడంటే వీడు మామూలోడు కాదు."

కొడుకు స్టూలు మీదనుంచి లేవలేదు. బాగుందని గానీ, అమ్మయ్య అని గానీ అనలేదు. టీ కోసం ఎడమవైపు చెయ్యి చాచాడు. గ్లాసు పక్కకి ఒరిగి, టీ అంతా నేలపాలయింది.

"చూపు ఎక్కడ పెట్టావురా? ఎప్పుడూ ఆ ఫోనేనా?" అంది ఆమె, తల ఎత్తకుండానే. ఈమధ్య ఇంట్లో కూడా గడప తన్నుకుంటాడు, బిందె తన్నుకుంటాడు. పరధ్యానం ఎక్కువైందని, పెళ్ళాంతో ఏమైనా గొడవేమోనని కూడా భయపడింది.

చిలుం గీకి కొత్త ఎర్తు వైరు వేసింది. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందేలా రిలే పెట్టింది. సరైన బల్బులు, కొత్త హోల్డర్లు. మధ్యలో డబ్బా విప్పి కొడుకుతో బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించింది. పని అయ్యేసరికి ఐదు కావస్తోంది. ఇప్పుడు మీటరు బల్బు దగ్గర కూడా ఇంచుమించు బ్యాటరీ దగ్గర చూపినంతే చూపిస్తోంది. పందొమ్మిదేళ్ళలో ఇంత శుభ్రంగా ఏ బండీ చేయలేదనిపించింది ఆమెకి. చాలాకాలానికి గుండెలో బరువు దిగినట్టయింది.

ఇక మిగిలింది గోడ.

ఆ షెడ్డులో ఏ లైటుపనైనా గోడ దగ్గరే ముగుస్తుంది. నేల మీద ఎర్రగీత దగ్గర కారు నిలిపి, షట్టరు దించి చీకటి చేస్తారు. ఒకరు కార్లో కూర్చుని లైటు వేస్తారు. ఇంకొకరు సున్నం కొట్టిన వెనక గోడ దగ్గర నిలబడి, వెలుతురు ఎక్కడిదాకా పరుచుకుందో చూసి, నాలుగువైపులా సుద్దతో గీతలు పెడతారు. ఆ గీతల్ని బట్టి లైటు ఎత్తు, వాలు సరిచేస్తారు. ఎప్పుడూ గీతలు పెట్టేది మేస్త్రీ. అప్పుడాయన పక్కబండి కింద పడుకుని ఉన్నాడు.

"నువ్వెళ్ళి గోడ దగ్గర నుంచోరా" అంది లైట్లమ్మ.

షట్టరు దిగింది. కొడుకు కారు పక్కన చెయ్యి ఆనించి నడిచాడు. జాకీ కాలికి తగిలింది. పడబోయి ఆపుకున్నాడు.

"జాగ్రత్త నాన్నా!"

లైట్లు వేసింది. గోడ మీద తెల్లగా, నిండుగా వెలుతురు పరుచుకుంది. మధ్యలో చిక్కగా ఉండి, పక్కలకి పలచబడుతూ, ఎడమ మూల చేతికందే ఎత్తులో ఉన్న అటక మీద రంగు డబ్బాలదాకా వెళ్ళింది. కార్లో కూర్చుని కూడా ఆ డబ్బాల మీద అక్షరాలు చదవగలుగుతోంది ఆమె.

"ఎడమవైపు అంచు చూసి గీత పెట్టు."

కొడుకు గీత పెట్టాడు, నడిమధ్యకి జానెడు దూరంలో.

"అక్కడ కాదు. ఇంకా పక్కకి."

"ఇక్కడితో అయిపోయిందమ్మా."

వేళాకోళమనుకుంది. "సరే, కుడివైపు పెట్టు." ఇటూ జానెడే. పైన, కింద కూడా అంతే. నాలుగు గీతల్నీ కలిపితే చేటంత. ఆ చేట చుట్టూ ఇంకా గోడంతా వెలుగుతూనే ఉంది. దాని మధ్యలో కొడుకు సుద్దముక్క పట్టుకుని, పని అయిపోయినవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, ఆ డబ్బాలు ఎన్ని ఉన్నాయి?"

"ఏ డబ్బాలు?"

ఎడమ మోచేతికి బారెడు దూరంలో ఉన్నాయవి. అతను మెడ తిప్పాడు. మరికాస్త తిప్పాడు. అటక దొరికేదాకా తిప్పి, కళ్ళు చికిలించి, "నాలుగు" అన్నాడు. ఉన్నవి ఏడు.

స్విచ్చు మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. అద్దం తేటగా ఉంది. వైరు బాగుంది. ఎర్తు బాగుంది. ఇక వెతకడానికి కార్లో ఏమీ మిగల్లేదు.

వాడు పుట్టినప్పుడు అందరూ అన్నారు, అన్నీ మేనమామ పోలికేనని. ముక్కు, నుదురు, ఆ నిదానం. ఆమె మురిసిపోయింది. అన్నయ్య అంటే ఆమెకి అంత ఇష్టం. పగలు చక్కగా తిరిగే అన్నయ్య, దీపాలు పెట్టే వేళకి గోడ పట్టుకుని నడిచేవాడు. ఇంట్లోవాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకరోజు పొద్దుగూకాక పని నుంచి తిరిగొస్తూ కాలవలో పడి పోయాడు. కాలు జారిందన్నారు. అందరూ అదే నమ్మారు, ఆమె కూడా.

లారీలకి భయపడింది. టైర్లకి, బ్రేకులకి, నిద్రకి, పొగమంచుకి భయపడింది. దీనికి మాత్రం భయపడాలని తోచలేదు.

కారు దిగి నెమ్మదిగా అంది: "సాయంత్రం నువ్వు వెళ్ళొద్దు."

"లైట్లు బాగయ్యాయిగా?"

"బాగయ్యాయి కాబట్టే వద్దంటున్నా."

కొడుకు గోడవైపు తిరిగాడు. గీతల్ని చూశాడు. అటకవైపు ఒకసారి, మళ్ళీ గీతలవైపు ఒకసారి.

మేస్త్రీ పక్కబండి కిందనుంచి వచ్చి షట్టరు ఎత్తాడు. సాయంకాలపు ఎండ లోపలికొచ్చింది. ఆయన గోడ చూశాడు, అటక చూశాడు, తల్లీకొడుకులిద్దర్నీ చూశాడు. జోకు వెయ్యలేదు. గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని, "ఫ్యాక్టరీ ఎన్నింటికి వదులుతారు బాబూ?" అన్నాడు.

"ఆరున్నరకి."

"ఎక్కడ ఎక్కుతారు?"

"నలుగురు గేటు దగ్గర" అన్నాడు కొడుకు. గొంతు బాగానే ఉంది. "ఇంకొకామె పక్కవీధి మలుపులో. ఆమెని ముందు సీట్లో కూర్చోపెట్టండి బాబాయ్. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. అందరికంటే చివర దింపేది ఆమెనే. ఇంటి తలుపు తీసేదాకా ఆగండి."

"ఆగుతా."

"రేపు పొద్దున కూడా..."

"రేపు కూడా నేనే వెళ్తాలే."

ఇగ్నిషన్‌లోంచి తాళం తీసి ఇచ్చి ఉండక్కర్లేదు. అయినా కొడుకు వంగి తీశాడు. ఒక్క క్షణం గుప్పిట్లో ఉంచుకుని, మేస్త్రీ చేతిలో పెట్టాడు. కారు వెనక్కి నడిచి, వీధిలోకి తిరిగి వెళ్ళిపోయింది. ఇంకా ఎండ ఉన్నా మేస్త్రీ లైట్లు వేసే వెళ్ళాడు, ఆమె చూస్తుందని తెలిసి.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?" అని అడిగిందామె.

కొడుకు చేతిలోని సుద్దముక్కని అటూ ఇటూ తిప్పాడు.

ఆమె రెట్టించలేదు. మిగిలిన వైరు మోచేతికి చుట్టి మేకుకి తగిలించింది. నేల మీద పాలనీళ్ళ మరకల మీద ఓ బకెట్టు నీళ్ళు కొట్టింది. టీ గ్లాసులు సర్దింది. చేతులు కడుక్కుంది, అవసరం లేకపోయినా ఇంకోసారి కడుక్కుంది. రేపు కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయన ఏమంటాడోనని భయం. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

కారు ఉండాల్సినచోట ఖాళీ. దాని అవతల గోడ మీద నాలుగు సుద్దగీతలు. కొడుకు సుద్దముక్కని అటక మీద పెట్టబోయి, చేత్తో తడిమి, డబ్బాల పక్కన జాగా వెతికి పెట్టాడు. వచ్చి స్టూలు మీద, తల్లికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చున్నాడు.

"మొదటిసారి బల్బు మార్చమని వచ్చానే, అప్పటికే తెలుసు" అన్నాడు. "బల్బే అయితే బాగుండునని వచ్చానమ్మా."