కుడికి తిరిగే మూత

నేనొక మరచెంబును. ఆ మాట వినగానే మీలో సగం మంది మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. మూతకు మర ఉన్న ఇత్తడి చెంబును. సీసాల్లో నీళ్లు అమ్మే రోజులు రాకముందు ప్రయాణాలకు నన్నే పట్టుకెళ్లేవారు. ఈ మధ్య నాకు ఇంకో పేరు కూడా వచ్చింది, "పురాతన వస్తువు, బహు అరుదు, త్వరపడండి" అని. ఆ పేరు పెట్టిన పెద్దమనిషి సంగతి తర్వాత చెబుతాను.

పుట్టింది గోదావరి పక్కన, అజ్జరంలో. నా మెడకూ మూతకూ మర కోసినవాడు సత్తియ్య. మంచి పనివాడే, కాకపోతే ఎడమచేతి వాటం, పైగా ఆ రోజు పరధ్యానంలో ఉన్నాడు. లోకంలో మూతలన్నీ ఎడమకు తిప్పితే ఊడతాయి. నాది కుడికి తిప్పితేనే ఊడుతుంది, ఎడమకు తిప్పినకొద్దీ బిగుసుకుంటుంది. యజమాని చూసి సత్తియ్యను నానా మాటలూ అని, చివరికి "అమ్మేటప్పుడు ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఆ ఒక్క సలహా మాత్రం అమ్మేవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదని తర్వాత తెలుసుకున్నాను.

నన్ను కొన్నది నర్సు ఎలీసమ్మ. దుకాణంలో మూతను ఎడమకు తిప్పింది, రాలేదు. ఊరుకోకుండా కుడికి తిప్పింది, వచ్చింది. "ఇదీ నాలాగే తిక్కదండీ, ఇదే ఇచ్చెయ్యండి" అని నవ్వింది. పక్కనే పేర్లు కొట్టే ముసలాయన ఉలీ సుత్తీ పెట్టుకుని కూర్చుని ఉంటే, నా పొట్టమీద "జి. ఎలీసమ్మ, నర్సు" అని చుక్కలు చుక్కలుగా కొట్టించుకుంది.

లంక గ్రామాలకు పురుళ్లు పొయ్యడానికి ఆమె పడవ మీద వెళ్లేది. ఒక చేతిలో మందుల సంచీ, ఇంకో చేతిలో కాచిన నీళ్లతో నేను. ఒక వానాకాలం రేవు మెట్ల మీద ఆమె జారిపడింది. నా భుజానికి ఇప్పటికీ ఉన్న సొట్ట ఆ రోజుదే. ఇంకో వానాకాలం ఒక లంకలో పురిట్లో తల్లి పోయింది, ఆడపిల్ల బతికింది. తండ్రి తరఫువాళ్లు మూడు రోజులైనా గుమ్మం తొక్కలేదు. నాలుగో రోజు ఎలీసమ్మ మందుల సంచీని పడవవాడి నెత్తిన పెట్టి, ఆ చేత్తో పిల్లను ఎత్తుకుని ఇంటికి తెచ్చేసింది. కస్తూరి అని పేరు పెట్టింది.

పిల్లను బడిలో వేసిన రోజు నేనూ వెంట ఉన్నాను. హెడ్మాస్టరు తండ్రి పేరు అడిగి రాసుకున్నాడు, చనిపోయిన తల్లి పేరు అడిగి రాసుకున్నాడు. పెంచుతున్నామె పేరు రాసే గడి ఆ రిజిస్టరులో లేదు. తిరిగి వస్తూ ఎలీసమ్మ సామాన్ల దుకాణం దగ్గర ఆగి, నా మూత ఊడదీసి, దాని లోపలివైపు "ఎలీసమ్మ, కస్తూరి" అని కొట్టమంది.

"లోపల ఎవరు చూత్తారమ్మా? పైన కొడతాను" అన్నాడు ముసలాయన.

"పైనున్నది ఊరికి. లోపలిది మాకు" అంది ఎలీసమ్మ.

అప్పటినుంచి కస్తూరికి నేనే ఆట. వాడలో పిల్లలందరికీ నన్నిచ్చి మూత తియ్యమనేది. వాళ్లు ఎడమకు తిప్పి తిప్పి చేతులు ఎర్రబడ్డాక, తను కుడికి ఒక్క తిప్పు తిప్పి గొప్పగా చూసేది. నా జీవితంలో బాగున్న రోజులంటే అవే.

కస్తూరి కూడా నర్సు చదువుకు పట్నం వెళ్లిన ఏడాది ఎలీసమ్మ జ్వరంతో పోయింది. సమాధి మీద మట్టి ఆరకముందే అన్నదమ్ముల తాలూకు జనం సామాన్లు పంచుకున్నారు. కస్తూరి అడిగింది నన్నొక్కదాన్నే. "నువ్వు మాకేమవుతావని?" అన్నారు. మూత లోపల చూడండని చెప్పడానికి నాకు నోరే లేదు. వారం తిరక్కుండా "పాత ఇత్తడికి కొత్త స్టీలు" అని వీధిలో కేక వినబడింది, రెండు స్టీలు పళ్లాలకు నేను గడప దాటాను.

ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా గోనెసంచుల్లో, అటకల మీద గడిచాయి. చివరికి విజయవాడలో పానకాలు చేతికి చిక్కాను. పాత సామాన్లు ఫోన్లో వేలం వేసే వ్యాపారం అతనిది. పేరే పానకాలు, నోరు మాత్రం వట్టి చేదు. రాగానే నన్ను మెరుగుపెట్టే యంత్రం మీద పెట్టి రుద్ది ఎలీసమ్మ పేరు చెరిపేశాడు. "ఒకళ్ల పేరుంటే పాత సామానంటారు, లేకపోతే పురాతనమంటారు" అని భార్య నాంచారమ్మకు వివరించాడు. ఎలీసమ్మ పోయిన రోజు ఎంత బాధపడ్డానో ఆ రోజూ అంతే బాధపడ్డాను.

అతని వైపు న్యాయం కూడా చెప్పాలి. కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు అలాంటివి. చెంబులో నీళ్లు నిలుస్తాయా? కరెంటు పొయ్యి మీద పెట్టొచ్చా? అంతకుముందు ఒకావిడ దీపపు సెమ్మెలు కొని, గృహప్రవేశానికి వాడుకుని, నచ్చలేదంటూ పసుపు మరకలతో తిప్పి పంపింది. అప్పటినుంచి అతను ప్రశ్న అడిగిన ప్రతివాళ్లనూ దొంగల్లాగే చూసేవాడు. వచ్చిన ప్రశ్నను వెక్కిరిస్తూ పైకి చదివి, జవాబు ఫోనుకు నోటితోనే చెప్పేవాడు. "ఫోటోలో కనపడట్లా? ముందు కళ్లజోడు కొనుక్కోండి." ఫోను ఆ మాటల్ని బుద్ధిగా రాసి పంపేది.

ఒక మధ్యాహ్నం అతను చదివిన ప్రశ్న ఇది. "నమస్కారమండీ. చెంబు భుజం మీద సొట్ట చూశాను. పొట్టమీద పేరేమైనా ఉందాండీ? ఇట్లు, కస్తూరి."

నాలో నీళ్లు లేవు గానీ, ఉంటే తొణికేవి.

"పేరూ లేదు, ఊరూ లేదు" అన్నాడు పానకాలు.

కాసేపటికి మళ్లీ వచ్చింది. "మూత ఎటు తిప్పితే వస్తుందో చెబుతారా అండీ?"

పానకాలు నన్ను తీసుకుని ఎడమకు తిప్పాడు. రాలేదు. గుడ్డ చుట్టి తిప్పాడు, మోకాళ్ల మధ్య ఇరికించి తిప్పాడు. నేను బిగుసుకుపోయాను. ఎంత వదులవుదామనుకున్నా నా మర నా మాట వినదు కదా! "మూతలన్నీ ఎటు తిరుగుతాయో ఇదీ అటే" అని కసిరి పంపాడు.

"కోప్పడకండి బాబూ, ఒక్కసారి కుడికి తిప్పి చూడండి. లోపల మా అమ్మ పేరు, నా పేరు ఉంటాయి. మేమిద్దరం కలిసి ఉన్న కాగితం ఒక్కటి కూడా లేదండి. సొట్టలున్న చెంబులు చూసి మూడుసార్లు కొన్నాను, మూడూ కావు. నర్సు పింఛను మీద బతుకుతున్నదాన్ని, నాలుగోసారి మోసపోలేను. ఇదే అయితే ఎంతకైనా పాడుకుంటాను."

"ఏందీ, నాకు మూత తియ్యటం నేర్పుద్దా ఈమె?" అన్నాడు పానకాలు. "అమ్మంట, పేరంట! రేటు దించటానికి కొత్త ఏడుపు." ఫోనుకేసి గట్టిగా అన్నాడు. "కొంటే కొను, లేకపోతే పో. చెంబుక్కూడా చరిత్ర చెప్పాలా?" ఆమె ఇక పాట పాడడానికీ ప్రశ్న అడగడానికీ లేకుండా చేసే మీట ఒకటి ఉందట. అది నొక్కేశాడు.

"కుడికి ఒక్కసారి తిప్పితే నీ సొమ్మేం పోయిద్దయ్యా?" అంది నాంచారమ్మ.

"నువ్వూ మొదలెట్టావా!" అని అతను భోజనానికి లేచాడు.

నాంచారమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుంది. మెత్తటి చెయ్యి, దయగల చెయ్యి. మూత మీద వేళ్లు ఆనించింది. ఆమె ఆలోచన ఎటుందో గానీ, చెయ్యి మాత్రం పుట్టినప్పటి అలవాటు కొద్దీ ఎడమకే తిరిగింది. ఇంకాస్త బిగుసుకున్నాను. "పాపం, ఎవరో" అని నన్ను పక్కన పెట్టి అన్నం వడ్డించడానికి వెళ్లింది.

మర్నాడు వేలం ముగిసింది. నన్ను పాడుకున్నది హైదరాబాదులో ఒక హోటలు యజమాని. అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదని, కొనేవాళ్ల లక్షణం అదేనని పానకాలు రెండు రోజులు మెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ హోటల్లో చేతులు కడుక్కునే చోటుకు పక్కన, చెక్క అరలో ఉన్నాను. ఒక పక్క తిరగని తిరగలి, ఇంకో పక్క నూనె ఎరగని లాంతరు. వాటికి చెప్పుకోవడానికి కథలు లేవు, నా కథ వినే ఓపికా లేదు. కస్తూరి ఎక్కడో నాలుగో చెంబు కోసం వెతుకుతూనే ఉంటుంది. లేదా ఇది కాదులే అని నన్ను మనసులోంచి తీసేసి ఉంటుంది. ఏది నిజమో తెలియకపోవడమే నాకు పెద్ద బాధ.

బల్ల ఖాళీ కావడం కోసం నిలబడ్డవాళ్లు ఊసుపోక నన్ను చేతిలోకి తీసుకుంటారు. మూత తిప్పుతారు, ఎడమకు. రానప్పుడు నవ్వి పెట్టేస్తారు. ఇలా రోజుకు పదిమంది. ప్రతి చెయ్యీ ఆ రెండు పేర్లనూ ఇంకొంచెం లోపలికి బిగించి పోతోంది.

మీరూ ఎప్పుడైనా ఆకలేసి అక్కడికి రావచ్చు. భుజం మీద సొట్ట ఉన్న చెంబు కనబడితే ఒక్కసారి కుడికి తిప్పండి. నాకోసం కాదు. లోపల ఒక తల్లీ కూతురూ ఉన్నారు.