బాలింత లేహ్యం

కుంకుడుకాయలు కొట్టడానికి మడి అక్కర్లేదు. అందుకే ఆ రోజు శశికళ అంగడి వెనక మెట్ల దగ్గర గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. రాతి మీద కాయ పెట్టడం, రోకటిబండతో ఒక దెబ్బ వెయ్యడం, గింజ ఏరి అవతల పారెయ్యడం. ఎడమకాలు మడవలేదు కాబట్టి బారుగా చాపుకుంది. మోకాలి కింద పిక్క ఇంకా రాయిలా బిగిసే ఉంది.

ఆ ఇంట్లో నియమాలకేం లోటు లేదు. తలకు రుద్దుకునేవీ, ఒంటికి పూసుకునేవీ ముట్టులో ఉన్న ఆడది కూడా కొట్టొచ్చు. శీకాయ, గోరింటాకు, స్నానాల పొడి అన్నమాట. కడుపులోకి పోయేవి మాత్రం తాకకూడదు, అవి ఉన్న గది గడప దాటకూడదు. ఇన్ని ఆలోచించిన పెద్దలకు, ముట్టైన మనిషిని కాస్త నడుం వాల్చనిద్దామన్న ఆలోచన మాత్రం ఎందుకో తట్టలేదు.

బళేపేట సందులో గాజుల అంగళ్ళ మధ్య వాళ్ళ మూలికల అంగడి. శశికళ భర్త హేమంత్‌కుమార్ తాతల నాటిది. ముందు అంగడి, వెనక దంచే గది, పైన ఇల్లు. వస, అతిమధురం, కచ్చూరాలు, బావంచాలు, ఏదడిగినా దొరుకుతుంది కానీ పేరంతా బాలింత లేహ్యానిదే. శొంఠి, పిప్పళ్ళు, వాము, జాజికాయ దోరగా వేయించి, దంచి, పలచటి బట్టలో జల్లించి, పాత బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ కలియబెట్టాలి. రోజుల తరబడి పని. మొదలుపెట్టిన చెయ్యే దింపాలి, మధ్యలో చెయ్యి మారితే మందు పనిచెయ్యదని అత్తగారు భాగీరథమ్మ నమ్మకం. ఆ చెయ్యి ఇంటి ఆడదానిదే కావాలి, మడిగా ఉండాలి. ఆమె మణికట్లు వాతంతో పట్టేశాక ఆ చెయ్యి కోడలిదైంది. ఊరి చివర హూడిలో సాఫ్ట్‌వేర్ కొలువులు చేసే అమ్మాయిల తల్లులు సైతం కారేసుకుని ఈ సందుకు వస్తారు. హేమంత్ డబ్బాల మీద 'అంతా ఆకులు, వేర్లే. సైడ్ ఎఫెక్ట్స్ లేవు' అని అచ్చు కొట్టించాడు. ఆ మాట నిజమే. తినేవాళ్ళకు లేవు.

కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ముట్టు ఆపే మొదటి మాత్ర భాగీరథమ్మే చేతిలో పెట్టింది, ఎంతో ఆప్యాయంగా. "నీకు దినాలు దగ్గర పడినాయి గదమ్మా. ఇది వేసుకుంటే నిలబడతాది. మా కాలంలో ఇవి లేక ఎన్ని పాట్లు పడినామో." సందు మొదట్లో మందుల అంగడివాడు చీటీ అడగడు. పేరు చెప్తే చాలు, చాక్లెట్ ఇచ్చినట్టు ఇస్తాడు. వరలక్ష్మి పూజకు ఒకసారి, ఆడపడుచు గృహప్రవేశానికి ఒకసారి, తిరుపతి ప్రయాణానికి ఒకసారి. అవి ఏ ఇంట్లోనైనా ఉన్నవే. ఈ ఇంట్లో వాటికి తోడు లేహ్యం. ఊళ్ళో ఎవరింట్లో పురుడొస్తే ఆ నెల శశికళ ముట్టు వాయిదా. ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి కడుపు పండినందుకు ఈమె ఒళ్ళు తన పని ఆపుకోవాలి. తలపోటు, రొమ్ముల సలపరం, మాత్ర మానేశాక నిలబడనివ్వని నెత్తురు. దానికి మళ్ళీ అత్తగారే అశోకచెక్క కషాయం కాచి ఇచ్చేది. మాత్ర చెడగొట్టినదాన్ని చెట్టు బాగు చెయ్యాలి, బాగైందనగానే ఇంకెవరింట్లోనో బిడ్డ పుట్టేది.

శొంఠి జల్లిస్తూ ఆమె ఎన్నిసార్లో అనుకుంది. ఈ మందు తినేది ఎవరు? పచ్చి బాలింత. వారాల తరబడి నెత్తురు పోతూనే ఉంటుంది కదా ఆమెకు. ఆ నెత్తురు కోసం చేసే మందును నెత్తురు పోయే ఆడది ముడితే పాడవుతుందట. పోనీ, ముట్టు కాని చేతులే కావాలంటే హేమంత్ చేతులున్నాయి. అవి జన్మలో ముట్టు కావు. ఒకసారి నవ్వుతూనే ఆ మాట అతనితో అంది. "లేహ్యం కలబెట్టేది ఆడోళ్ళ పని కదే," అన్నాడతను, క్రికెట్ మీంచి కళ్ళు తిప్పకుండా.

పోయిన నెల పిక్క వాచింది. "నిలబడి నిలబడి వాచింటాది," అన్నాడు హేమంత్. భాగీరథమ్మ వావిలాకు వేడిచేసి కట్టింది. వాపు తొడదాకా పాకి, అడుగు వేస్తే ప్రాణం పోయినంత పనయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ కాలి నరంలో నెత్తురు గడ్డ కట్టిందని చెప్పింది. ఏం మందులు వాడుతున్నావని అడిగితే శశికళ ముట్టు ఆపే మాత్ర పేరు చెప్పింది. ఎన్నాళ్ళుగా అంటే లెక్క పెట్టుకోలేదంది. "ఇక మీదట ఆ మాత్ర ముట్టుకోకూడదు. ఈ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మేమేం చెయ్యలేం," అంది డాక్టరమ్మ, హేమంత్ మొహంలోకి చూసి మరీ. బయటికి రాగానే అతను, "మాత్రతో కాలు వాచేదేంది? దేశంలో అందరూ మింగతా ఉండారు," అన్నాడు. ఇంటికొచ్చాక అత్తగారూ అదే మాట అంది. నెత్తురు పలచబడే మందు మొదలైంది. ఇప్పుడు ముట్టైతే మనిషి సగమైపోతోంది. కుంకుడుకాయలు మాత్రం కొట్టొచ్చు.

లోపలి నుంచి వేగిన శొంఠి వాసన వచ్చింది. శశికళ చెయ్యి ఆగింది. తను బయట ఉంటే లోపల వేయిస్తున్నదెవరు?

గోడ పట్టుకుని లేచి గడప దగ్గరికి వెళ్ళింది. భవ్య. పదో తరగతి చదివే తన కూతురు, స్కూలు నుంచి వచ్చి తలంటుకుని, తడిజుట్టు ముడేసుకుని, మూకుడు ముందు కూర్చుంది. పక్కన పీట మీద భాగీరథమ్మ.

"ఆడనే నిలబడు, లోపలికి రావద్దు," అంది భాగీరథమ్మ. "నువ్వింగ మాత్ర వేసుకునేట్ల లేదంటివి. మరి చెయ్యి ఎవురిది? నళినమ్మ కూతురికి పురుడొచ్చిందంట, ఇయాళ ఆమె వస్తా ఉండాది. పాపకు నేర్పిస్తే ఇంగ దానిదే చెయ్యి అయితాది."

"దానికి రేపో ఎల్లుండో బయటయ్యే దినాలు అత్తా," అంది శశికళ.

"నాకు తెలీదా? నిన్న సాయంత్రం నుంచే మాత్ర మొదలుపెట్టించాలనుకుంటి. నీ మొగుడు తేవడం మరిసిపోయినాడు. ఇయాళ తెచ్చినాడు."

భవ్య తల ఎత్తింది. "అమ్మా, స్పోర్ట్స్ డేకి మా క్లాసులో కూడా వేసుకుంటారు. ఏమీ కాదంట," అంది. శశికళా మొదటిసారి అలాగే అనుకుంది.

కుంటుకుంటూ అంగడి గడప దాకా పోయి హేమంత్‌ను బయటికి పిలిచింది. "డాక్టరమ్మ చెప్పింది మీరు విన్నారు గదా. పాపకు వద్దండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అది నీ ఒంటికి. పాపది చిన్న ఒళ్ళు, తట్టుకుంటాది. ఒక తూరికి ఏమైతాది?"

"ఒక తూరితో ఆగుతుందా?"

"శశీ, గిరాకీ వచ్చే టైము. సుమ్నె, ఊరికే రచ్చ చేయొద్దు."

మెట్ల కింద బాత్‌రూంలో గొళ్ళెం పెట్టుకుని నీళ్ళ కొళాయి తిప్పి ఏడ్చింది. కొళాయి తిప్పకపోయినా ఎవరూ వచ్చి అడగరన్న సంగతి గుర్తొచ్చి ఇంకా ఏడ్చింది. ఏం చెయ్యాలి? పుట్టింటికి పోతే చింతామణిలో తమ్ముడి భార్య ఒక వారం అన్నం పెడుతుంది, ఆ తర్వాత హేమంత్‌కు ఫోన్ చేస్తుంది. అరిచి గోల చేస్తే? నిరుడు అరిచింది. అందరూ ఓపిగ్గా విన్నారు, విని మాత్ర తెచ్చిచ్చారు. నొప్పి అంటే ఓర్చుకోమంటారు, జబ్బు అంటే ఆకు కడతారు. పోనీ ఆ మాత్ర తనే మింగి, ముట్టు ఆపుకుని, తన చెయ్యే నడిపిస్తానంటే? ఆ ఆలోచన వచ్చేసరికి ఎంత హాయిగా అనిపించిందో, తర్వాత తలుచుకుంటే ఆమెకే భయం వేసింది. మింగేస్తే సరి, బిడ్డ బతికిపోతుంది. గడ్డ కదిలితే కదలనీ. కానీ తను పోయిన పదోనాడు ఎవరింట్లోనో మళ్ళీ బిడ్డ పుడుతుంది. అప్పుడు మూకుడు ముందు ఎవరు కూర్చుంటారు? తను చచ్చినా పిల్లకు కలిసొచ్చేదేమీ లేదు. ఆ మాట మనసుకు తట్టాక కన్నీళ్ళు వాటంతటవే ఆగాయి. ఈ ఇంట్లో తన ఒంటికి విలువ లేదు. విలువున్నది మడికే. పోతే అదే పోవాలి.

మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి అంగడిలో నళిని గొంతు వినబడుతోంది. నాలుగేళ్ళ కిందట పెద్దకూతురి కాన్పుకూ ఇక్కడే లేహ్యం తీసుకుపోయిన మనిషి. ఇప్పుడు చిన్నకూతురు సంధ్యకు మగపిల్లాడు. భాగీరథమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి, భవ్యను పక్కన నిలబెట్టుకుని పరిచయం చేస్తోంది. "ఇంగ మా మనవరాలి చెయ్యి నళినమ్మా. మా ఇంట్లో మడి తప్పేదే లేదు." భవ్య ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఇంకో చేతిలో తెల్లటి మాత్ర. నళిని వెళ్ళిపోయేదాకా ఆగడమెందుకు, వేసుకో అన్నట్టు అవ్వ సైగ చేసింది.

శశికళ అంగడి గడప దాటి మూలికల డబ్బాల మధ్యకొచ్చి నిలబడింది. భాగీరథమ్మ కళ్ళతోనే పొమ్మంది.

"నళినమ్మా, ఒక మాట," అంది శశికళ. "మీ పెద్దమ్మాయికి లేహ్యం చేసిచ్చినప్పుడు నేను ముట్టులో ఉండాను."

హేమంత్ చేతిలోని తక్కెడ కింద పెట్టాడు. "ఏం మాట్లాడతా ఉండావే?"

"అది ఒక్కటే కాదు. అన్నీ అంతే. నాకు ఎప్పుడైతే అప్పుడైంది, ఆ చేతుల్తోనే దంచినా, ఆ చేతుల్తోనే దించినా. అత్త ఇచ్చిన మాత్రలు ఒక్కటీ మింగలేదు. బాత్‌రూంలో పారబోసినా."

నళిని మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. మొహం ఎర్రబడింది. "నా బిడ్డ తిన్నది కూడా అదేనా?"

"అదేనమ్మా. మీ పెద్దమ్మాయి బాగుండాదా? పిలగాడు బాగుండాడా?"

"బాగుండారు," అంది నళిని అప్రయత్నంగా.

"నళినమ్మా, దీనికి మతి పోయింది. వినొద్దు," అన్నాడు హేమంత్. "మాత్రలు మింగి మింగి కాలు వాచిందని డాక్టరమ్మే చెప్పింది గదా."

"మాత్రతో కాలు వాచదని మీరే అన్నారు," అంది శశికళ. "నిజమే. మింగి ఉంటే గదా వాచేకి."

భాగీరథమ్మ కొడుకును చూడలేదు, గిరాకీని చూడలేదు. కోడలి మొహంలోకే చూస్తూ దగ్గరికి వచ్చింది. ఆ అంగడి పేరు కోసం ఆమె కూడా ఒకప్పుడు పచ్చి ఒంటితో రోలు ముందు కూర్చున్న మనిషే.

"ఇన్నేండ్లు మా నోట్లో మన్ను కొడితివా? అట్లా చేసినదానివి కాదు నువ్వు. అమ్మోరి పటం మీద చెయ్యి పెట్టి చెప్పు."

శశికళ దేవుడంటే భయం లేని మనిషి కాదు. ఒట్టు అబద్ధమైతే పిల్లలకు తగులుతుందని చిన్నప్పటి నుంచీ నమ్మింది. భవ్య మాత్ర పట్టుకుని అలాగే నిలబడి అమ్మను చూస్తోంది. శశికళ ముట్టు చేత్తోనే గల్లాపెట్టె మీది పటాన్ని తాకింది.

"ఒట్టు అత్తా. ఒక్కటి కూడా మింగలేదు," అని, తన ఒళ్ళు పడిన బాధంతా లేనే లేదని నలుగురిలో సాక్ష్యం చెప్పి, కూతురి చేతిలోంచి మాత్ర తీసుకుంది.