ఇద్దరూ ఉన్న సాయంత్రం

గుమ్మంలో ఆమె చెప్పులు వేసుకుంటుంటే అతను విడుస్తున్నాడు. తాళంచెవి ఆమె చేతిలోంచి అతని చేతిలోకి మారింది. రాత్రంతా బేకరీలో రొట్టెలు కాల్చి వచ్చిన మనిషి. చొక్కా మీద పిండి, కళ్ళ నిండా నిద్ర.

"అత్తయ్యకి మాత్రలు వేశా. తల నువ్వు దువ్వాలి," అంది.

"సరే. జాగ్రత్తగా వెళ్ళు."

పెళ్ళైన కొత్తలో వీళ్ళ కబుర్లకి అడ్డూ ఆపూ ఉండేది కాదు. అత్తగారు జారిపడి, తుంటి విరిగి మంచం పట్టాక, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలని అతను రాత్రి పనికి మారాడు. పొద్దున ఆమె వెళ్తుంటే అతను వస్తాడు, సాయంత్రం ఆమె వస్తుంటే అతను వెళ్తాడు. అప్పటినుంచీ వాళ్ళ కాపురం గుమ్మంలోనే నడుస్తోంది.

లోపల గంట మోగింది. మంచం పట్టెకి కట్టిన చిన్న ఇత్తడి గంట అది. అత్తగారి చేతులు వణుకుతాయి కాబట్టి పిలిచినా మోగుతుంది, దుప్పటి సర్దుకున్నా మోగుతుంది. ఎందుకు మోగినా ఇంట్లో ఉన్నవాళ్ళు పరుగెత్తాల్సిందే. ఇద్దరూ వెళ్ళారు.

"అమ్మాయ్, నీ చేతిరుమాలు ఒకటి ఇచ్చి వెళ్ళు."

"ఎందుకత్తయ్యా?"

"ముక్కు తుడుచుకోడానికి కూడా నీకు అర్జీ పెట్టుకోవాలా?"

ఆమె నవ్వి, సంచిలోంచి నీలం అంచు రుమాలు తీసిచ్చింది.

"సాయంత్రం తొందరగా రా. మీరిద్దరూ ఒక్కసారి పక్కపక్కన కూర్చుని టీ తాగితే చూడాలనుంది. నేను పోయేలోపు అదొక్కటి చాలు."

"పొద్దున్నే ఏం మాటలమ్మా అవి?" కొడుకు విసుక్కున్నాడు. "తను వచ్చేసరికి నేను బయల్దేరాలి కదా."

"నీ సంగతి నేను చూసుకుంటాలే. దాన్ని రమ్మను."

ఆవిడ ఇలా అడగడం మొదటిసారి కాదు. ఆమె వస్తానని మాట ఇవ్వడమూ, ఆఫీసులో ఏదో ఒకటి అడ్డం పడటమూ కూడా కొత్త కాదు.

గదులు అద్దెకిచ్చే సంస్థ ఒకటి ఉంది. పాట నేర్చుకునేవాళ్ళూ, మీటింగులు పెట్టుకునేవాళ్ళూ గంటల లెక్కన అక్కడ గదులు తీసుకుంటారు. ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది చూసుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసే పని ఆమెది. అందుకే ఆఫీసులో ఆమెని గడియారం అంటారు. పిలుపు వినపడగానే తల తిప్పేంతగా అలవాటైపోయింది.

ఈమధ్య ఒక చిక్కొచ్చింది. ఒకరు గది ఖాళీ చేసే క్షణానికే ఇంకొకరు కావాలంటే, ఇద్దరూ ఢీకొన్నారని ప్రోగ్రామ్ రెండోవాళ్ళని తిప్పి పంపేస్తోంది. తవ్వి చూస్తే ప్రోగ్రామ్ కోడ్ అంతా ఇదే గోల. మొదలయ్యే వేళ ఒకచోట, ముగిసే వేళ ఇంకోచోట, జత తప్పిన చెప్పుల్లా పడి ఉన్నాయి. ఎవరికి తోచిన లెక్క వాళ్ళు వేసుకున్నారు. ఆమె ఓపిగ్గా అన్నిటినీ ఏరి, మొదలునీ చివరనీ కలిపి ఒకే వస్తువు చేసింది. వ్యవధి అని పేరు పెట్టింది. చివర మొదలుకంటే ముందొస్తే అది అసలు పుట్టదు. పుట్టాక మారదు. పొడిగించాలంటే కొత్తది చేసుకోవాలి, పాతది పాతదిగానే ఉంటుంది. ఎవరు చేసినా, మొదలూ చివరా అవే అయితే రెండు వ్యవధులూ ఒకటే. మొదలయ్యే క్షణం దాని సొంతం, ముగిసే క్షణం మాత్రం తర్వాతవాళ్ళది. ఈ చివరి నియమంతో గదుల తగువు తీరిపోయింది.

పని సరిగ్గా చేస్తోందో లేదో పరీక్షించడానికి ఏవో రెండు వ్యవధులు కావాలి. ఆమె పెద్దగా ఆలోచించకుండా తను ఇంట్లో ఉండే వేళలూ, భర్త ఉండే వేళలూ రాసేసింది. ఒకదాన్నొకటి తాకుతున్నాయా? తాకుతున్నాయి. మధ్యలో ఖాళీ ఉందా? లేదు. కలిసే భాగం ఉందా? లేదు. అన్నీ సరైన జవాబులేనని పక్కన పచ్చ గుర్తులు పడ్డాయి.

పక్క సీటావిడ కుర్చీ జరుపుకుని తెరలోకి తొంగిచూసింది. "ఎవరివే ఈ గంటలు? కాపలావాళ్ళవా?"

"మా ఇంటివి. ఆయనవీ, నావీ."

ఆవిడ దేనికైనా ఏదో ఒక జోకు వేసే రకం. ఈసారి మాత్రం తన బిస్కెట్ పొట్లాన్ని ఆమె వైపు తోసింది. ఆ పచ్చ గుర్తుల్ని చూస్తే ఆమెకి ఏడుపొచ్చింది. తప్పు ఉంటే దిద్దుకోవచ్చు. ఇక్కడ తప్పేమీ లేదు.

మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"అమ్మ ఏం చేసిందో తెలుసా? మా ఓనరుకి ఫోన్ కొట్టింది. మా వాడు ఇవాళ రాత్రి భోంచేశాకే వస్తాడు, అప్పటిదాకా పిండి మీరే పిసుక్కోండి అందట!"

"అయ్యో! ఆయనేమన్నారు?"

"ఏమంటాడు, సరేనమ్మా అన్నాట్ట. మరి నువ్వొస్తావా?"

ఆమె తెర వైపు తిరిగి, భర్తకి ఈ ఒక్కరోజు కోసం కొత్త వ్యవధి చేసింది. కలిసే భాగం ఎంత అని అడిగితే, ఎప్పుడూ ఏమీ లేదని చెప్పేచోట చిన్న వ్యవధి ఒకటి వచ్చి నిలబడింది.

సాయంత్రం మేనేజరు రానే వచ్చాడు. "పాత బుకింగులు కూడా ఇవాళే మార్చేస్తే ఓ పనైపోతుంది కదమ్మా."

తలనొప్పి అని చెబుదామనుకుంది. "రేపు చేస్తానండీ. ఇవాళ మా ఆయన ఇంట్లో ఉన్నారు," అనేసింది. మేనేజరు పక్కకి తప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు నున్నగా తల దువ్వించుకుని, దిండ్లకి ఆనుకుని కూర్చుంది. మంచం పక్కనే ముగ్గురూ టీ తాగారు.

"బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళలా ఏంట్రా ఆ కూర్చోడం? దగ్గరికి జరుగు," అని కొడుకుని కసిరింది. కళ్ళారా చూసుకుంది. కాసేపటికి, "ఇక నన్ను పడుకోనివ్వండి. వంటింట్లోకి పోయి మీ కబుర్లేవో చెప్పుకోండి. తలుపు మాత్రం తీసే ఉంచండి," అంది.

వంటింట్లో ఆమె గ్లాసులు కడుగుతూ ఆఫీసులో చేసిన పరీక్ష సంగతి చెబుతుంటే అతను తుడిచాడు.

"మన గంటల్ని కంప్యూటర్‌లో పెట్టావా? ఏమంది?"

"తాకుతాయి గానీ కలవవంది."

"దాని మొహం, దానికేం తెలుసు!" అంటూ సబ్బునురగ తీసి ఆమె ముక్కుకి అంటించాడు. ఆమె పకపకా నవ్వింది. ఇంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళైందో ఆమెకే గుర్తులేదు. కడిగిన గ్లాసుల్నే మళ్ళీ కడుగుతూ, వంట చేసుకుంటూ, ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తూ చెప్పుకుంటూనే ఉన్నారు. గంట మోగలేదు. అమ్మకి ఇవాళ హాయిగా నిద్రపట్టిందనుకున్నారు.

భోజనానికి లేపుదామని వెళ్ళారు. ఆవిడ ముఖం వంటింటి వైపు తిరిగి ఉంది. ఎవరో చెప్పిన కబురు విని సంతోషపడ్డట్టు పెదాలు కొద్దిగా విచ్చుకున్నాయి. "అమ్మా," అన్నాడు. భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ పిలిచాడు. తర్వాత మంచం పక్కన నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని తల తన ఒళ్ళోకి తీసుకుంది.

ఆ తీసుకోవడంలో ఆమె మోచెయ్యి మంచం పట్టెకి తగిలింది. గంట అటూ ఇటూ ఊగింది గానీ చప్పుడు చేయలేదు. దాని నాలుక చుట్టూ నీలం అంచు రుమాలు, వణికే చేతులతో వేసిన వదులు ముడి.