నబీగారి డెలవేరు

నబీ వేళ్ళు గళ్ళలోకి వెళ్ళి వస్తున్నాయి. ఎడమచేతిలో అక్షరాలు వరసగా పేర్చే స్టిక్కు, కుడిచేతి వేళ్ళ మధ్య ఒక్కొక్క సీసపు అక్షరం. ఎదురుగా వాలుగా నిలబెట్టిన చెక్క కేసుల్లో నాలుగు వందల పైచిలుకు గళ్ళు. గుణింతాలు ఒకపక్క, వత్తులు ఒకపక్క. ఆయన వాటివైపు చూడడం లేదు. కళ్ళల్లో శుక్లాలు దిగి రెండేళ్ళయింది. అక్షరం పక్కనుండే చిన్న గాడిని వేలితో తడిమి, తలకిందులో కాదో చూసుకుని స్టిక్కులో నిలబెడతాడు. వరస నిండగానే బొటనవేలితో ఒక్కసారి నొక్కుతాడు. నొక్కితే కదలకూడదు. కదిలితే మళ్ళీ కట్టాలి.

గవర్నర్‌పేటలోని ‘దివిటీ’ సాయంకాలపు పత్రికలో ముప్ఫై రెండేళ్ళుగా ఆయన అదే స్థలంలో నిలబడుతున్నాడు. పాదాల కింద గచ్చు నున్నగా అరిగి చిన్న పళ్ళెంలా లోతు పడింది. 1976 నవంబరు మూడు, బుధవారం. ఆ పళ్ళెంలో ఆయన నిలబడే ఆఖరి రోజు అది. సాయంత్రం అయిదింటికి సన్మానం. శాలువా తెచ్చి బీరువాలో పెట్టారని ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉన్నాడు.

ప్రూఫులు దిద్దే ఛాయాదేవి టెలిప్రింటరు కాగితం చించుకొచ్చింది. ఆయన చూపు సంగతి ప్రెస్సులో ఆమెకొక్కదానికే తెలుసు. అందుకే ఏ కాగితమైనా పైకి చదివి ఇస్తుంది.

“బాబాయిగారూ, మీ చుట్టం మాట చెప్పేసింది. డెలవేరు కార్టర్ వైపు.”

“మూడు ఓట్లూనా?”

“మూడూనండి. ఉన్నవే మూడు. అందులోనూ పంపకాలేమిటి?”

నబీ నవ్వి, రాతిబల్ల చివర ఉన్న గ్యాలీ అనే ఇనుపపళ్ళెం దగ్గరికి నడిచాడు. అందులో దారంతో కట్టిన చిన్న సీసపు దిమ్మ ఉంది. సోపుబిళ్ళకంటే కాస్త పెద్దది. గ్యాలీ అంచున సుద్దముక్కతో ‘విప్పొద్దు’ అని రాసి ఉంది. ప్రెస్సులో అచ్చయిపోయిన ప్రతి అక్షరమూ సాయంత్రానికి విడిపోయి తన గడికి తాను వెళ్ళిపోవాల్సిందే. ఈ దిమ్మ ఒక్కటే ఎన్నేళ్ళయినా విడిపోలేదు.

డెలవేరు అమెరికాలో ఓ బుల్లి రాష్ట్రం. మన కృష్ణా జిల్లా కంటే చిన్నది, అందుకే అక్కడి లెక్కలో దానికి మూడే ఓట్లు. 1952 నుంచి అధ్యక్ష ఎన్నికలో అది ఎవరికి ఓటేస్తే వాళ్ళే గెలుస్తున్నారు. నాలుగేళ్ళకోసారి ఆ జాబితా ‘దివిటీ’ మొదటి పేజీ మూలన చిన్న బాక్సుగా పడుతుంది. సంవత్సరం, డెలవేరు ఎటు వేసింది, ఒప్పా తప్పా. ఒక్కో ఎన్నికకు ఒక్కో వరస. గవర్నర్‌పేట కాఫీ హోటళ్ళలో దాన్ని చూసి పందేలు కాస్తారు. ఈసారి మరీ ఎక్కువ. మన ఎన్నికల మాట ఎవరూ పైకెత్తని ఎమర్జెన్సీ రోజులు కనక జనమంతా అమెరికా ఎన్నికల మీద పడ్డారు.

కానీ బాక్సు మొదలయ్యేది 1952తో కాదు. దానికి పైన ఇంకో వరస ఉంది. ‘1948 – డ్యూయీ – తప్పు.’ అన్నీ ఒప్పులే వేసుకుంటే పోయేదానికి ఆ ఒక్క తప్పూ నెత్తిన ఎందుకని ఛాయాదేవి ఓసారి అడిగింది.

“తప్పు చేసి దిద్దుకున్నదమ్మాయ్ అది,” అన్నాడు నబీ.

పదకొండు, పన్నెండు. లోపలి పేజీలు అచ్చయి బయటికొచ్చాయి. మొదటి పేజీ, మూలన డెలవేరు బాక్సుతో సహా, రాతిబల్ల మీద ఇనుప చట్రంలో సిద్ధంగా ఉంది. పైన హెడ్డింగు పెట్టే చోటు మాత్రం ఖాళీ. చెక్కలో చెక్కిన పెద్ద అక్షరాలతో రెండు హెడ్డింగులు పక్కన కట్టిపెట్టాడు నబీ. ‘కార్టర్ గెలుపు’ కుడిచేతి వైపు, ‘ఫోర్డు గెలుపు’ ఎడమచేతి వైపు. రెండిటికీ సెన్సారు ముద్ర పొద్దున్నే పడింది. ఇక కావలసింది ఒక్క కబురు.

ఆ కబురే రావడం లేదు. గెలవడానికి అలా రాష్ట్రాల ఓట్లు రెండు వందల డెబ్బై కావాలి. కార్టర్ దగ్గరిదాకా వచ్చి ఆగాడు. పడమటి రాష్ట్రాల్లో ఫోర్డు పుంజుకుంటున్నాడని టెలిప్రింటరు టకటకా కొట్టి ఊరుకుంది.

ఒంటిగంటన్నరకు యజమాని కాశీరావు విసురుగా లోపలికొచ్చాడు. నలభై ఏళ్ళవాడు. పత్రిక తండ్రి నుంచి వచ్చింది, తొందర మాత్రం సొంతం. చేతిలో పోటీ పత్రిక ఉంది. దాన్ని రాతిబల్ల మీద పరిచాడు. ‘కార్టరే అధ్యక్షుడు’ అని అరచేయంత అక్షరాలు.

“బెంజ్ సర్కిల్ దగ్గర ఎగబడి కొంటున్నారు నబీగారూ. మనమింకా చేతులు కట్టుకు కూర్చున్నాం. రెండుంబావుకి బందరు బస్సు. ఇప్పుడు మిషను తిప్పకపోతే కంకిపాడు నుంచి బందరుదాకా మన పేపరు ఉండదు. బిగించెయ్యండి కార్టర్ని.”

“వాళ్ళకి కబురొచ్చిందాండి?”

“ఎక్కడొచ్చింది? ఊహించి కొట్టారు. మీ డెలవేరు కూడా అదే చెప్తోందిగా. ఆరుసార్లు తప్పనిది ఏడోసారి తప్పుతుందా?”

నబీ చేతులు తుడుచుకున్నాడు. కిరసనాయిలు వాసన గుప్పుమంది.

“ఒకసారి తప్పిందండి. బాక్సులో ఉంది చూడండి, పైన.”

“అది పాత సంగతండీ.”

“నాకు పాతది కాదు బాబుగారూ. ఆ రోజు మనం కూడా డ్యూయీ గెలుపని వేసి నవ్వులపాలయ్యాం. ఆ హెడ్డింగు పెట్టింది సూరయ్యగారు కాదండి. నేను.”

ఛాయాదేవి చేతిలోని పెన్సిలు కింద పెట్టేసింది. డ్యూయీ హెడ్డింగు కథ ప్రెస్సులో అందరికీ తెలుసు. అప్పటి ఫోర్‌మన్ సూరయ్య కబురు రాకుండానే పేజీ బిగించాడనీ, కాశీరావు తండ్రి మర్నాడే ఆయన్ని పంపేశాడనీ కొత్తగా చేరినవాళ్ళకల్లా చెప్పేవారు. హెచ్చరికగా.

నబీ చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆ పగలు ఆయన భార్య ఫక్రున్నీసాకు ఆస్పత్రిలో నొప్పులు. రెండు హెడ్డింగులు ఇలాగే కట్టి ఉన్నాయి. సూరయ్య భోజనానికి వెళ్ళాడు. డ్యూయీ గెలవడం ఖాయమని లోకమంతా అంటోంది. పేజీ బిగించేస్తే ఆస్పత్రికి పోవచ్చని నబీ డ్యూయీని చట్రంలో పెట్టి బిగించేశాడు. సాయంత్రం కూతురు గౌసియా పుట్టింది. మర్నాడు ఓడినవాడు డ్యూయీ అని తేలింది. యజమాని అడిగితే సూరయ్య, “నేనే పెట్టాను,” అన్నాడు.

“ఆ తర్వాత కంకిపాడు రైసుమిల్లులో గోతాలు కుట్టుకుని బతికాడాయన. ఒప్పుకుంటానని వెళ్తే తిట్టాడు. ‘పురిటిబిడ్డని పెట్టుకుని నువ్వు రోడ్డున పడతావంట్రా? పో. తెలియనిది అచ్చెయ్యకు. నాకదే చాలు’ అన్నాడండి. ఈ రోజుతో నా పని అయిపోతుంది. ఇదొక్కటీ నాచేత చేయించకండి.”

కాశీరావు గోడ మీద ఉన్న తండ్రి ఫోటో వైపు చూశాడు. పోటీ పత్రిక వైపు చూశాడు. గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది.

“కార్టరే గెలిస్తే?” అన్నాడు చివరికి.

“మీకు ఈ పూట అమ్మకం పోయినట్టేనండి. అది నా మూలంగానే అనండి. కాదనను.”

కాశీరావు స్టూలు లాక్కుని టెలిప్రింటరు ముందు కూర్చున్నాడు.

నబీ కేసు దగ్గరికి తిరిగి వెళ్ళి, స్టిక్కు తీసుకుని ఒక చిన్న వరస కట్టాడు. దాన్ని తెచ్చి పేజీ మూలన ఉన్న బాక్సు అడుగున, ఖాళీ కోసం వేసిన సీసపు పట్టీ ఒకటి తీసి, ఆ చోట అమర్చాడు. సద్దుబాటేదో చేస్తున్నాడనుకున్నారు అందరూ.

రెండూ అయిదుకి టెలిప్రింటరు గంట మోగింది. ఒకటి కాదు, వరసగా. కాశీరావు కాగితం మీదకు వంగాడు.

“కార్టర్,” అన్నాడు. గొంతులో సంతోషం లేదు, కోపమూ లేదు. “రెండు వందల డెబ్బై దాటాడు. మనం ముందే వేసుంటే సరిపోయేది నబీగారూ.”

“వాళ్ళు ఊహించారండి. మనకి తెలిసింది,” అని నబీ కుడిచేతి వైపు హెడ్డింగు అందుకున్నాడు.

ఆ తర్వాత ఆయన చేతుల్ని చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. చెక్క అక్షరాలు ఖాళీలోకి జారాయి. పక్కన పట్టీలు కూర్చున్నాయి. మూల బాక్సులో 1976 వరస చివర ‘ఒప్పు’ చేరింది. చట్రం బిగించే తాళం నాలుగు తిప్పులు. అరచేత్తో పేజీ అంతా ఒక్కసారి తడిమాడు, పడుకున్న పిల్ల ఒళ్ళు చూసినట్టు. ఎక్కడా కదలడం లేదు. “ఎత్తండి,” అన్నాడు. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు.

మిషను తిరిగింది. బందరు దారికి కావలసిన మూడు వందల కాపీలు పడేసరికి రెండున్నర. బందరు బస్సు వెళ్ళిపోయి పావుగంటయింది. కాశీరావు కట్టలన్నీ తన అంబాసిడర్లో వేయించాడు.

“కంకిపాడులో డ్రైవరు టీకి ఆగుతాడు. అక్కడ అందుకుందాం. మీరూ రండి.”

“నేనెందుకండి?”

“ఆపింది మీరు. అందించేదీ మీరే.”

బెంజ్ సర్కిల్ దాటాక కారు గాలిలా పోయింది. రెండు పక్కలా కోతకొచ్చిన వరిచేలు. వెనకసీట్లో కట్టలకి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు నబీ. కంకిపాడు దగ్గరపడుతుండగా కాశీరావు అన్నాడు.

“నాన్నగారు పోయేదాకా సూరయ్యగారిని తిడుతూనే ఉండేవారు. సాయంత్రం సభలో ఆయన పేరు నేనే చెప్తాను. మీరు పక్కనుండాలి.”

“మీరు చెప్తే చాలండి. నేను ముందు సూరయ్యగారి భార్య మంగాయమ్మగారికి చెప్పాలి. ఆయన ఆవిడకి కూడా నిజం చెప్పలేదు. ఆయన పోయినప్పుడు వెళ్తే, ఆ ఒక్క తప్పు చెయ్యకపోతే మా బతుకులు బాగుండేవి బాబూ అని నా దగ్గరే ఏడ్చిందావిడ. ఆరేళ్ళయింది. నోరు రాలేదు.”

కంకిపాడులో బస్సు అప్పుడే కదులుతోంది. కాశీరావు హారన్ మీద చెయ్యి తియ్యకుండా దాని ముందు అడ్డంగా ఆపాడు. డ్రైవరు తిట్టబోయి, కట్టలు చూసి నవ్వాడు. “ఏంటండీ, పేపరుకి పెళ్ళివారి కారా?” కట్టలు బస్సు పైకెక్కాయి.

తిరిగి చూస్తే నబీ రోడ్డు దాటుతున్నాడు. చంకలో ఒక కాపీ. రైసుమిల్లు సందు మొదట్లో ఆగి, ఎండకు కళ్ళు చికిలించి, గోడను చేత్తో తాకి చూసుకుని లోపలికి మళ్ళాడు. కాశీరావు పిలవబోయి, కారు వెనక్కి తిప్పుకున్నాడు.

ప్రెస్సులో ఛాయాదేవి అప్పుడే కొత్త కాపీ ఒకటి తీసి ముందేసుకుంది. బాక్సు అడుగున, తను దిద్దిన ప్రూఫులో లేని వరస ఒకటి ఉంది. ‘1948లో మన తప్పు సూరయ్యది కాదు, నబీది.’ డ్యూయీ హెడ్డింగు తర్వాత ఇన్నేళ్ళలో ఆయన ఎవరి అనుమతీ లేకుండా అచ్చేసిన మాట అదొక్కటే. మిషను ఆపమనడానికి చెయ్యెత్తింది. వరస ఇంకోసారి చదువుకుంది. తిప్పమని చెయ్యూపింది.

అయిదింటికి సభ జరిగింది. కాశీరావు సూరయ్య పేరు చెప్పాడు. శాలువా కుర్చీ మీద పరిచి ఉంచారు. కుర్చీలో మనిషి లేడు.

సభ అయ్యాక, అచ్చయిన అక్షరాలు విడగొట్టే అమలమ్మ రోజూలాగే పేజీ చట్రం విప్పి, అక్షరాల్ని గళ్ళలో వేసుకుంటూ మూల బాక్సు దగ్గరికొచ్చి ఆగింది. దాన్ని దారంతో కట్టి గ్యాలీలో పెట్టింది. గ్యాలీ అంచున ‘విప్పొద్దు’ అన్న సుద్ద అక్షరాలు ఎవరో తడిచేత్తో తుడిచేసి మళ్ళీ రాసినట్టు తెల్లగా ఉన్నాయి. దారం కట్టులో, 1976 వరసకీ అడుగున ఉన్న ఆ కొత్త వరసకీ మధ్య, అక్షరం లేని సన్నటి సీసపు పట్టీ ఒకటి, 1980కి చోటు వదిలి, అలాగే ఉంది.