వినోద చూసొచ్చిన గుడి

"ఇంతకు గుడి ఎట్లున్నదే వినోదా?" అని వెంకటవ్వ అడిగేసరికి బట్టలకు సబ్బు పెడుతున్న వినోద తలెత్తింది. సూరత్‌లోని లింబాయత్‌లో ఆ గల్లీ మొత్తానికి విమానం ఎక్కిన ఆడది వినోద ఒక్కతే. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మగవాళ్లలోనూ ఎక్కినవాడు లేడు. అలాంటిది ఆమె కంబోడియా దేశం వెళ్లి, సీయెం రీప్ అనే ఊళ్లో, వందల ఏళ్లనాటి అంకోర్ వాట్ గుడి పక్కన ఆరు రోజులుండి నిన్ననే దిగింది. ఊరికే వదులుతారా? పక్కింటి వెంకటవ్వ పీట తెచ్చుకుని మరీ కూర్చుంది.

"అయిదు శిఖరాలుంటయి. ముందట నీళ్లు. ఆ నీళ్లల్ల గుడి తలకిందులు కనవడ్తది. గోడల మీద రామాయణం, భారతం చెక్కిండ్రు," అంది వినోద. అందులో ఒక్క అబద్ధం లేదు. చూసినట్టు చెప్పడమే అబద్ధం.

"పుణ్యాత్మురాలివే," అని వెంకటవ్వ నీళ్లు నిండిన కళ్లతో లేచి వెళ్లింది.

పన్నెండేళ్లుగా వినోద హంసాబెన్ ఇంట్లో వంట చేస్తోంది. చీరల వ్యాపారం వాళ్లది, పెద్ద కుటుంబం. ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. వాళ్ల బా, అంటే హంసాబెన్ అత్తగారు, పొద్దుగూకితే ముద్ద నోట పెట్టదు. ఆవిడ పెళ్లయి యాభై ఏళ్లయిందని ఇరవై ఇద్దరు కలిసి సీయెం రీప్ ప్రయాణం పెట్టుకున్నారు. అక్కడ ఎవరి గిన్నెలో ఏం ఉడికిందో ఎవరికి తెలుసు? కలిగినవాళ్లు చేసే పనే వాళ్లూ చేశారు. వంటమనిషిని వెంట తీసుకుపోయారు. "తూ భీ మందిర్ దేఖ్ లేగీ," అంది హంసాబెన్. నువ్వూ గుడి చూస్తావన్న ఆ ఒక్క మాటకే వినోద సరేనంది. సిరిసిల్ల నుంచి పెళ్లికూతురిగా సూరత్ రైలెక్కిన తర్వాత ఆమెను ఎవరూ ఏదీ చూపించడానికి తీసుకుపోలేదు. మొగుడు పరుశురాం ఏటా దోస్తులతో షిర్డీ వెళ్లొస్తాడు. నన్నూ తీసుకుపొమ్మంటే, "ఏం జూస్తవే, అన్ని ఊర్లు ఒక్క తీర్గనే ఉంటయి," అనేవాడు. అన్నీ ఒక్క తీరేనని తెలిసిన మనిషి ఏటా ఎందుకు వెళ్తాడో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆమె పేరున ఉన్న సూట్‌కేసులో గోధుమపిండి, పప్పులు, అప్పడాలు, పచ్చళ్లు వెళ్లాయి. ఆమె చీరలు రెండూ భుజానికి తగిలించుకున్న సంచిలో వెళ్లాయి. దిగిన సాయంత్రం గైడు అందరినీ టికెట్ల దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ ఒక్కొక్కరినీ నిలబెట్టి ఫోటో తీసి, ఆ ఫోటో అచ్చేసిన పాస్ చేతికిచ్చారు. మూడు రోజుల పాస్. వినోద మొహం కింద కూడా గుడి బొమ్మ ఉంది. ఎవరూ చూడకుండా దాన్ని రెండు మూడు సార్లు తీసి చూసుకుంది పిచ్చిది.

మర్నాడు సూర్యోదయం చూడటానికి అందరూ బయలుదేరితే, వెనక్కి వచ్చేసరికి నాస్తా వేడిగా ఉండాలని ఆమె ఆగిపోయింది. ఆ మరునాడు బాకు కాళ్ల నొప్పులు, తోడు ఉండాలి. వాళ్లు తీసుకున్న విల్లా నుంచి గుడి ఆరు కిలోమీటర్లట. గిన్నెలు తోమడానికి వచ్చే అక్కడి ఆడమనిషికి వినోద భాష రాదు, వినోదకు ఆమె భాష రాదు. ఒకరి చేతులు ఒకరికి తెలిశాయంతే. నువ్వు గుడి చూడలేదా అని ఆ మనిషి సైగ చేసింది. లేదని వినోద తల ఊపింది. ఆమె అయ్యో అన్నట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుని, బండ మీద పరిచిన పొడిపిండిలో వేలితో అయిదు శిఖరాలు గీసింది. ముందర నీళ్లు కూడా గీసింది. వినోద చూసిన అంకోర్ వాట్ అదే. కాసేపటికి రొట్టెలకు వేళయిందని వినోదే దాన్ని చేత్తో చెరిపేసింది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం ఆమె కోసం బండి తిరిగి పంపిస్తానంది హంసాబెన్. పంపింది కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. బండి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డప్పుడే హంసాబెన్ నుంచి ఫోన్ వచ్చింది. రేపు ఎయిర్‌పోర్టులో అందరికీ థెప్లాలు కావాలి, వినోదా, వంద చేస్తే చాలు. ఆమె బయటికి వెళ్లి డ్రైవరుకు చేత్తోనే ఆగమని చెప్పింది. ఆ మెంతిరొట్టెల్లో నలభయ్యోది కాల్చి మళ్లీ వెళ్లి చూస్తే బండి లేదు. ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. ఎవరిమీద ఏడవాలో తెలియకనే ఆమె ఏడవలేదు.

ఇదంతా చెప్పుకోవడానికి ఏముంది? పోగొట్టుకున్నది తనదే అయితే వినోద మింగి ఊరుకునేది. మింగడం ఆమెకు కొత్త కాదు. కానీ ఆమె జీవితంలో ఎవరికీ తెలియకుండా చేసిన తిరుగుబాటు ఒకటుంది. కూతురు రుచితకు పదిహేనేళ్లొచ్చినా రొట్టెల పీట ముట్టనివ్వలేదు. వంట వచ్చని తెలిస్తే చాలు, ఆడపిల్లకు ఇంకో పని ఉందన్న సంగతి ఇంటిల్లిపాదీ మరిచిపోతారని ఆమె అనుభవం. "గిట్ల పెంచుతరా ఆడివిల్లను? రేపు పోయినకాడ నన్ను తిడ్తరు," అని అత్త నర్సవ్వ ఎంత సణిగినా వినలేదు. సూరత్ వదిలేముందు వెంకటవ్వ వాళ్ల మెస్సులో ఆరు రోజులకు భోజనం డబ్బాలు చెప్పి మరీ వెళ్లింది. పిల్లకు పదో తరగతి బోర్డు పరీక్షల ముందు పెట్టే ప్రిలిమ్ పరీక్షలు. రెండు రోజులే డబ్బాలు వచ్చాయట, తర్వాత ఇంట్లోవాళ్లే వద్దన్నారు. మెస్సు కూడు అరగలేదని నర్సవ్వ అంది. ఇంట్లో ఆడపిల్ల ఉండంగ బయటి కూడేందని పరుశురాం అన్నాడు. మూడో రోజు నుంచి రుచిత పొయ్యి దగ్గరుంది. లెక్కల పేపరూ, సైన్సు పేపరూ పోయాయి.

"టెన్షన్ తీస్కోకు మమ్మీ, ప్రిలిమే గదా," అంది రుచిత, వెంకటవ్వ వచ్చిపోయిన రోజు మధ్యాహ్నం, పిండి ముద్ద అరచేతుల మధ్య తిప్పుతూ. "చూడు, గోల్ వచ్చింది. పప్పా అయితే నీకంటే మంచిగ చేస్తున్న అన్నడు."

రొట్టె నిజంగానే గుండ్రంగా ఉంది. పదిహేనేళ్లు కాపలా కాసిన చోట ఆరు రోజులు లేకపోతే ఇంతేనా అనుకుంది వినోద. గుడి చూద్దామని తను పోతే, తన జాగాలో బిడ్డను కూర్చోబెట్టారు.

పరుశురాం డ్యూటీ దిగి హుషారుగా వచ్చాడు. "నిన్న సామాను దించంగ బెన్‌కు చెప్పిన, నా బిడ్డ గుడ రొట్టెలు చేస్తదని. ఇయ్యాల ఫోన్ చేసింది. మే నెల్ల బాలీ పోతరట. తల్లీ బిడ్డ ఇద్దరు రాండ్రి, పిల్లకు పాస్‌పోర్ట్ మేమే తీపిస్తం అన్నది. సరే అన్న."

"నేను గుడనా?" రుచిత ఎగిరి గంతేసింది. "మమ్మీ, నేను గుడ మందిర్ చూస్తనా? నీ లెక్క?"

వినోద తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. గల్లీలో ఆమెకు మిగిలిన ఒకే ఒక్క గొప్ప ఇక పోతుందని తెలుసు. పోనీ అనుకుంది.

"నేను గుడి చూడలె," అంది. "ఒక్కనాడు గుడ చూడలె బిడ్డా. ఆరు దినాలు వంటింట్లనే ఉన్న. నిన్ను గుడ అట్లనే ఉంచుతరు."

ముందు నవ్వింది పరుశురామే. "అగో, తల్లికి బిడ్డ మీద కుళ్లు చూడు!"

రుచిత మొహం ఎర్రబడింది. "ఝూఠ్! పొద్దుగాల్ల వెంకటవ్వకు చెప్పినవ్, నేను విన్న. నీళ్లల్ల తలకిందులు కనవడ్తదని చెప్పినవ్. నువ్వొక్కదానివే ఫారిన్ తిరగాల్నా? నేనొస్తే ఏమైతది నీకు?"

అబద్ధం చెప్తే ఊరంతా నమ్మింది. నిజం చెప్తే కడుపున పుట్టింది నమ్మలేదు. అంతలోనే ఫోన్ మోగింది. హంసాబెన్. పాస్‌పోర్టుకు రుచిత పూర్తి పేరు, పుట్టిన తేదీ కావాలంది. అమ్మాయి పని బాగా నేర్చిందటగా, నీకూ చెయ్యి కలుస్తుంది అంది.

పిండి చేతులతో రుచిత ఎదురుగా నిలబడి ఉంది. పీట మీద ఆమె ఒత్తిన రొట్టె ఉంది. ఈ మాట అన్నాక పిల్ల తనను చాలా ఏళ్లు క్షమించదని వినోదకు తెలుసు, అసలు క్షమించకపోవచ్చు కూడా.

"లేదు బెన్," అంది బిడ్డ కళ్లలోకే చూస్తూ, ఒక్కొక్క మాటా విడిగా. "మా ఆయన గొప్పలకు చెప్పిండు. నా బిడ్డకు రొట్టెలు చేయరాదు."